వుర్ట్స్‌బుర్గ్‌లో విలంబ కాలం

ఫ్రాంక్‌ఫర్ట్‌లో రైలెక్కితే గంటంపావులో వుర్ట్స్‌బుర్గ్. నవంబరు శనివారం. స్టేషన్ వెనక గుట్ట నిండా ఆకులు రాలుతున్న ద్రాక్షతోటలు. స్టేషన్ పక్కనే పోస్ట్‌హాలె, ఒకప్పటి తపాలా భవనం, తర్వాత కచేరీల హాలైంది. 2006లో మొదలైన ‘హ్యామర్ ఆఫ్ డూమ్’ ఉత్సవం కోసం వచ్చాను. హెవీ మెటల్‌లో అన్నిటికన్నా నెమ్మదిగా నడిచే శాఖ డూమ్. మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి దాకా అదే.

హాలు తలుపులు తెరిచేలోగా మైన్ నది మీది పాత రాతి వంతెన దాకా వెళ్లాను. రెండు వైపులా పునీతుల విగ్రహాలు, వాటి కింద వైన్ గ్లాసులతో కబుర్లాడుకుంటున్న జనం. 1945 మార్చి 16 రాత్రి బ్రిటిష్ బాంబులు ఈ ఊరి నడిబొడ్డును ఇరవై నిమిషాల్లోపే బూడిద చేశాయి. ఇప్పుడు కనిపించే వీధుల్లో చాలావరకు మళ్లీ కట్టుకున్నవే.

హాల్లో నల్ల చొక్కాలు, బృందాల పేర్లు కుట్టిన జీన్స్ కోట్లు. నెరిసిన గడ్డాలే ఎక్కువ. బీరు గ్లాసుకు డిపాజిట్ కట్టాలి, తిరిగిస్తే డబ్బు వాపసు. చెవుల్లో ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకుని నిలబడ్డాను.

మొదటి బృందం నన్ను విసిగించింది. గిటార్ మీద ఒక దెబ్బ పడుతుంది, దాని మోత పూర్తిగా అణిగేదాకా రెండోది పడదు. ఆ మోత చెవికన్నా ముందు రొమ్ము ఎముకకు తెలుస్తుంది. గాయకుడు నోరు తెరిచేసరికి నేను రెండుసార్లు గడియారం చూసుకున్నాను.

ఈ నెమ్మదికి మూలం బర్మింగ్‌హామ్‌లో ఉంది. రేకుల ఫ్యాక్టరీలో కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్న టోనీ అయోమీ ప్లాస్టిక్ తొడుగులతో గిటార్ పట్టాడు. అతని బృందం బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్ 1970లో వచ్చింది. 1971 నాటి మూడో ఆల్బమ్‌కల్లా అతను తీగల బిగువు తగ్గించాడు. వేళ్లకు శ్రమ తగ్గింది, శబ్దం బరువెక్కింది. 1986లో స్వీడన్ బృందం క్యాండిల్‌మాస్ తన తొలి ఆల్బమ్ పేరులోనే డూమ్‌ను ఇమిడ్చింది.

విరామంలో ఒక పెద్దాయన పలకరించారు. “మీ దేశంలో ఇంత నెమ్మది సంగీతం ఉందాండీ?” అని అడిగారు. క్షేత్రయ్య పదాల గురించి చెప్పాను: విలంబ కాలంలో పాడతారని, నర్తకి ఒకే పంక్తిని పట్టుకుని భావం మార్చి మార్చి అభినయిస్తుందని. ఆయన తలూపి, “అయితే వెనక నిలబడకండి, డ్రమ్మర్ చేతులు కనిపించేచోటికి రండి” అన్నారు.

వెళ్లాను. అసలు కష్టం అక్కడ కనిపించింది. కర్ర పైకి లేచి ఆగుతుంది. దించెయ్యాలన్న తొందరను అతను భుజంలోనే అణచిపెడుతున్నాడు. వేగంగా వాయించేటప్పుడు చిన్న తడబాటు జారిపోతుంది. ఇక్కడ దెబ్బ రవ్వంత ముందు పడినా హాలంతటికీ తెలుస్తుంది. చీకటి పడేసరికి నా తల కూడా అందరితో కలిసి, అంతే నిదానంగా, వంగి లేస్తోంది. గడియారం సంగతి మరిచాను. పాటల్లో చావు, సమాధులు, పశ్చాత్తాపం. విన్నవాళ్లు మాత్రం నవ్వు మొహాలతో ఒకరికొకరు దారిచ్చుకుంటూ బయటికొచ్చారు.

మర్నాడు తిరుగు రైల్లో అలవాటుగా వేగమైన పాటొకటి పెట్టాను. వాయించేవాడు ఎవరికో బాకీపడి పారిపోతున్నట్టుంది. ఆపేశాను.