సీమలోంచి సీమకు

మా ఊళ్లో ముసలివాళ్లకు "సీమ" అంటే రెండు అర్థాలు. ఒకటి మనముండే సీమ, వానకు మొహం వాచిన రాయలసీమ. రెండోది దొరలొచ్చిన సీమ. అక్కడినుంచి వచ్చిందని కిరసనాయిలును సీమనూనె అన్నారు. ఎవరైనా ఇంగ్లండు పోయి చదువుకొస్తే "సీమకు పోయొచ్చినాడు" అనేవాళ్లు. చిత్తూరు పక్కన కట్టమంచి నుంచి రామలింగారెడ్డిగారు 1902లో కేంబ్రిడ్జికి పోయింది అట్లాగే, ఈ సీమలోంచి ఆ సీమకు. 2025లో మా తుమ్మలపల్లె నుంచి మా పాప బయలుదేరింది. ఇంగ్లండుకు కాదు, అమెరికాకు. మా అత్తకు మాత్రం అదీ సీమే.

పరీక్షలు రాయాలని నాకు ముందే తెలుసు. జీఆర్ఈ అన్నారు, టోఫెల్ అన్నారు, రాసింది. వంటింటి గోడకు అది అతికించిన ఇంగ్లీషు మాటలు చూసి చూసి, సంకటి కెలుకుతూ నేను కూడా ఒక పది నేర్చుకున్నాను. ఎవరితో అనాలో తెలీక వాటినట్లే దాచుకున్నాననుకోండి. నాకు తెలియని పరీక్ష ఇంకొకటుంది. తన గురించి తాను రెండు పేజీలు రాసుకోవాలట. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అంటారు. ఆడపిల్లకు ఇరవై రెండేళ్లపాటు "నీ గొప్ప నువ్వు చెప్పుకోకూడదు" అని నేర్పిపెట్టి, ఉన్నట్టుండి చెప్పుకోమంటే ఎక్కడినుంచి వస్తుంది? మొదటిసారి రాసిందంతా మేస్టర్లను పొగడటమే. ఇడుపులపాయ త్రిపుల్ ఐటీలో దానికి పాఠం చెప్పిన సారు ఒకాయన "ఇది నీ గురించా, నా గురించా?" అని వెనక్కి పంపినాడు.

నాలుగు రోజులు మొహం ముడుచుకుని తిరిగింది. ఐదోరోజు రాత్రి కూర్చుని మా బోర్ల లెక్క రాసింది. మా చీనీతోటలో వాళ్ల నాయన వేయించిన మొదటి బోరు ఎన్నడుగులు, అది ఏ సంవత్సరం ఎండింది, తర్వాతది ఎన్నడుగులు, ఆఖరుది తొమ్మిదివందల అడుగులకు పోయినా దుమ్మే వచ్చింది, అంతా. బోరుబండి వచ్చిన ప్రతిసారీ ఈ పిల్ల పక్కన నిలబడి, కింద నుంచి వచ్చే రాతిపొడి రంగులు చూస్తూ ఉండేది. అన్నానికి రమ్మంటే వచ్చేది కాదు. నేను తిట్టేదాన్ని. అదంతా దాని మనసులో లెక్కగా పడుతూ ఉందని నాకేం తెలుసు?

మా ఊరి పేరు చెప్తే బయటివాళ్లు యురేనియం అంటారు. 2011లో ఇక్కడ 49 వేల టన్నులు ఉన్నట్టు ఖాయమైందని ప్రకటించినప్పుడు పేపర్ల నిండా మేమే. "మా ఊరి కింద యురేనియం ఎంతుందో కొలిచినారు. నీళ్లెన్ని ఉన్నాయో కొలిచే చదువు నాకు కావాలి" అని రాసింది మా పాప. తెలుగులో చెప్పించుకుని విన్నాడు మా ఆయన. "మోటరు చూసొస్తా" అని లేచి తోట వైపు పోయి, చాలాసేపటిదాకా రాలేదు. ఆ పొద్దు కరెంటే లేదు.

అడ్మిషన్ వచ్చింది. దాంతోపాటు ఐ-ట్వంటీ అనే కాగితమూ, అందులో ఏడాదికయ్యే ఖర్చూ వచ్చింది. మన రూపాయల్లో ముప్పై లక్షల పైన. ఆ అంకె ఊళ్లోకి ఎట్లా పాకిందో గానీ, మరుసటిరోజు నుంచే సలహాలు మొదలు. "అంత దుడ్డుతో రెండు పెళ్లిళ్లు చేయొచ్చు గదమ్మా" అన్నది ఒకామె. నాకుండేది ఒక్కతే కూతురు, రెండో పెళ్లి ఎవరికి చేయాలో చెప్పలేదు.

బ్యాంకుకు పోయినాము. ఏడున్నర లక్షలు దాటిన చదువు అప్పుకు ఆస్తి తాకట్టు పెట్టాలన్నారు. మా ఆయన తాతలనాటి ఏడెకరాల పాసుపుస్తకం ఎంతో గర్వంగా బల్లమీద పెట్టినాడు. మేనేజరు మర్యాదగానే పక్కకు జరిపినాడు. అప్పు కట్టకపోతే ఆస్తి వేలం వేసుకునే చట్టం ఒకటుంది, అది వ్యవసాయ భూమికి వర్తించదట. అందుకని ఇల్లో, స్థలమో కావాలి. పొలం పోకుండా రైతును కాపాడటానికి పెట్టిన మాట, రైతు కూతురి చదువు దగ్గరకొచ్చేసరికి అడ్డు నిలబడింది. మంచిదనాలో చెడ్డదనాలో నాకు ఇప్పటికీ తోచదు.

ఇక మిగిలింది ప్రొద్దుటూరులో మా అన్న ఇల్లు. ప్రొద్దుటూరుకు బంగారం కొనడానికి పోయేదాన్నే గానీ అమ్మడానికి ఎప్పుడూ పోలేదు. ఈసారి రెండు పనులకూ పోయినాను, గాజులు అమ్మను, ఇల్లు అడగను. అన్న వెంటనే సరేనన్నాడు. కానీ ఇల్లు మా వదిన పేరు మీద ఉంది. మా పాపను వాళ్ల అబ్బాయికి చేసుకుందామని ఒకప్పుడు అనుకున్న మాట ఉండనే ఉంది. మాట పైకి రాలేదు గానీ, ఇద్దరం దాని చుట్టూనే కూర్చున్నాము. కాఫీ చల్లారిపోయింది. వదిన కొంగుతో చేతులు తుడుచుకుని, "సంతకానిదేముందిలే వదినా, పెడతా. పిల్ల మాత్రం తిరిగొస్తాదా?" అన్నది. నేను జవాబు చెప్పేలోగానే సంతకం పెట్టేసింది.

మే ఆఖరులో ఇంకో పిడుగు. విద్యార్థుల వీసాలకు కొత్త అపాయింట్‌మెంట్లు ఆపేసినారు. మూడు వారాల పైన ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడుకోలేదు. జూన్‌లో మళ్లీ మొదలుపెట్టి, ఫేసుబుక్కులూ ఇన్‌స్టాగ్రాములూ ఎవరైనా చూసేట్టు తెరిచిపెట్టాలన్నారు. నా గుండె దడదడలాడింది. ఏముందో, ఎవరితో ఉందో! తీరా చూస్తే మా మేకపిల్లలు పదకొండు ఫోటోలు, బోరుబండి రెండు ఫోటోలు.

చదువుకోవడానికి వచ్చేవాళ్లు అక్కడే ఉండిపోవడానికి వస్తున్నారని ఆ దేశపు చట్టం ముందే అనుకుంటుందట. కాదని మనమే నమ్మించాలి. 214(బి) అని దానికో నంబరు. ఈ మాట మా పాప చెప్పినప్పుడు ఆ చట్టం ఎవరో తల్లిని అడిగి రాసుంటారనిపించింది నాకు.

ఇంటర్వ్యూకు తర్ఫీదు కావాలంటే నన్నే ఆఫీసరుగా కూర్చోబెట్టింది. కాగితం మీద ప్రశ్నలు తెలుగు అక్షరాల్లో రాసిచ్చింది. ఎందుకీ యూనివర్సిటీ, డబ్బెవరు పెడుతున్నారు, అన్నీ అడిగినాను. టకటకా చెప్పింది. ఆఖరున "విల్ యూ కమ్ బ్యాక్?" అన్నాను. దానికీ చక్కగా ఇంగ్లీషులో చెప్పింది. మాకొక్క కూతుర్నే, మా భూమి ఇక్కడుంది, మా ఊరి నీళ్ల మీదే పని చేస్తాను అని. కాగితం పక్కన పెట్టి, ఎందుకో తెలీదు, "తిరిగొస్తావా?" అన్నాను.

కాసేపు నా మొహంలోకి చూసింది. "ఏమ్మా, నువ్వడుగుతాండావా, ఆఫీసరడుగుతాండాడా?"

"ఆఫీసరే" అన్నాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనం కడుపుతో ఉన్నప్పుడు మింగే ఫోలిక్ యాసిడ్ మాత్ర వెనక పనిచేసిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు భీమవరంలో పుట్టినవాడు. మామగారు కూడగట్టిన డబ్బు సాయంతో 1920ల్లో హార్వర్డులో చదవడానికి పోయినాడు. ఎంత గొప్పవాడయినాడో అందరూ చెప్తారు. 1948లో అక్కడే పోయినాడు, మధ్యలో ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. ఆయన గురించి చదివినప్పుడల్లా నాకు ఆ మందులకంటే ముందు ఆమె గుర్తుకొస్తుంది. ప్రయాణానికి పెట్టె సర్దింది ఎవరో, ఆమేనేమో.

ఇంటర్వ్యూకు హైదరాబాదు పోయినాము. 2008లో అక్కడ అమెరికా కాన్సులేటు పెట్టేదాకా మనవాళ్లు మద్రాసు పోవాల్సి వచ్చేది. బేగంపేట నుంచి 2023లో నానక్‌రాంగూడకు మారింది. దానికి ముందురోజు చిలుకూరు బాలాజీ దగ్గర పదకొండు ప్రదక్షిణలు. మా పాపకు నమ్మకం లేదు గానీ, నా కోసం తిరిగింది. మరుసటిరోజు లోపలికి దాన్నొక్కదాన్నే పంపినారు. బయట నాలాంటి అమ్మలు, నాన్నలు ఎంతమందో. ఎవరి పిల్లలు బయటికొచ్చినా అందరం ముందు మొహమే చూసేవాళ్లం.

పాప నవ్వుతూనే వచ్చింది. మూడు నిమిషాలు కూడా పట్టలేదట. ఏం చదువుతావన్నాడట. భూగర్భ జలాలంటే, మీ బావి ఎంత లోతు అన్నాడట. తొమ్మిదివందల అడుగులంటే కళ్లు పెద్దవి చేసినాడట.

"తిరిగొస్తావా అనలేదా?"

"అడగనేలేదు మ్మా."

వీసా వచ్చినాక నూట ఎనిమిది ప్రదక్షిణలు బాకీ. మోకాళ్లు నొప్పులు పెడుతున్నా నేనే తిరిగినాను. మా పాప అరుగు మీద కూర్చుని లెక్కపెట్టింది. మధ్యలో రెండు ఎగ్గొట్టానని కూడా చెప్పింది.

పెట్టెలు రెండు, ఒక్కోటి 23 కిలోలకు మించకూడదు. చీనీకాయలు తూచే వేలాడే కాటాను దూలానికి కట్టినాము. రాగిపిండి, చెనక్కాయల పొడి, నిప్పట్లు, కుక్కరు, నిమ్మకాయ ఊరగాయ. మా అత్త మంచం మీద కూర్చుని అన్నీ చూస్తూ, "రెండేండ్లంటే ఎన్ని పంటలు పాపా?" అన్నది.

"రెండు చెనక్కాయ పంటలే జేజీ."

"వాన పడితే గదా పంట" అన్నది ముసలామె.

రెండో పెట్టె ఇరవైనాలుగున్నర తూగింది. ఊరగాయ డబ్బా తీసి పక్కన పెడితే సరిపోయింది. రాత్రి అందరూ పడుకున్నాక లేచి, డబ్బాను మళ్లీ పెట్టి, రెండు లావు పుస్తకాలు తీసేసినాను. పొద్దున్నే చూసి అది ఏమీ అనలేదు. పుస్తకాలు రెండూ భుజం సంచిలో వేసుకుంది.