హైవే మీదికి దారి

హైదరాబాద్–విజయవాడ హైవే ఎక్కితే ముందు వెళ్లే లారీల కంటే పక్కనుంచి వచ్చి కలిసే మట్టిదారులే నన్ను ఎక్కువ భయపెడతాయి. పత్తి బస్తాలతో, వెనక లైటు లేని ట్రాక్టరు ఒకటి గట్టు దిగి అడ్డంగా వస్తుంది. వందలో వచ్చే కారుకి అది కనపడేసరికే సగం ఆలస్యం.

పక్కన స్థలం ఉంది కదా అని నేషనల్ హైవే మీదికి ఎవరికి వాళ్లు దారి తీసుకోవడానికి లేదు. చట్టం ప్రకారం అనుమతి కావాలి. పెట్రోల్ బంకుకైతే బండి నెమ్మదించి లోపలికి తిరగడానికి ఒక లేన్, బయటికొచ్చి వేగం అందుకోవడానికి ఒక లేన్ వేయాలి. ఆ కాస్త జాగా లేకపోతే బ్రేకు పడేది హైవే మధ్యలోనే.

అలాగని డివైడర్ పగలగొట్టి దారి చేసుకున్నవాళ్లని తిట్టడం నాకు ఇష్టం ఉండదు. ఊరు ఇటు, పొలం అటు. యూ టర్న్ చూస్తే ఎక్కడో దూరాన. రాంగ్ రూట్‌లో రాక ఏం చేస్తారు?

మన హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు చూడండి. 158 కిలోమీటర్లు, ఎక్కాలన్నా దిగాలన్నా ఇంటర్‌చేంజి దగ్గరే. ఊళ్ల బండ్లకి పక్కన సర్వీసు రోడ్డు ఉంది. మిగతా హైవేల మీదా ముందు సర్వీసు రోడ్డు, అండర్‌పాస్ కట్టాలి, డివైడర్‌లో గ్యాపులు ఆ తర్వాతే మూయాలి. మీ ఊరి దగ్గర రోడ్డు వెడల్పు చేస్తుంటే గ్రామసభలో ఈ మాట గట్టిగా అడగండి.