నూట నలభై రుమాళ్ళు

అమ్ముకోవడమనే విద్య అరవడంతో మొదలైందని నా నమ్మకం. కావాలంటే పొద్దున్నే ఓ గంట వీధరుగు మీద కూర్చుని చూడండి. ఆకుకూరలమ్మి కేక వేరు, ఉప్పుబండివాడి కేక వేరు, పాత ఇనప సామాన్లవాడి కేక వేరు. ఎవరి రాగం వారిది. లోపల పోపు వేసుకుంటున్న ఇల్లాలు ఆ రాగాన్ని బట్టే పళ్ళెం పట్టుకుని బయటికి రావాలో, పాత పేపర్లు పట్టుకుని రావాలో తేల్చుకుంటుంది. ఆ తర్వాత రిక్షాకి మైకు కట్టుకుని సినిమావాళ్ళొచ్చారు. రేడియోలో పాటలు కట్టుకుని పళ్ళపొడివాళ్ళొచ్చారు. ఇప్పుడు వీళ్ళందరూ కలిసి ఫోన్లో దూరారు. అక్కడ చెవికి వినపడదు గానీ, వీధిలో కంటే పదింతలు అరుస్తున్నారు.

ఈ అరుపుల సంగతి నాకింత వివరంగా ఎలా తెలుసంటే, మా అక్క కూతురు కూడా ఆ వీధిలో ఓ బండి పెట్టుకుంది.

దాని కాపురం శ్రీకాకుళంలో. అల్లుడిది ప్రైవేటు ఉద్యోగం. నెల పొడుగు, జీతం పొట్టి. పిల్ల స్కూలు ఫీజు నెల కంటే పొడుగు. మా అక్క కూతురికి చేతికుట్టు బాగా వచ్చు. మా అమ్మ దగ్గర నేర్చుకుంది. పొందూరు బట్ట కొని రుమాళ్ళు చేస్తుంది. అంచు సన్నగా చుట్టి, దారం పైకి కనపడకుండా కుట్టి, ఓ మూల మల్లెమొగ్గ, దాని పక్కన కొన్నవాళ్ళ పేరులో మొదటి అక్షరం. రోజంతా కూర్చుంటే నాలుగు రుమాళ్ళు. అంతకు మించి కుడితే మర్నాడు కళ్ళు మండుతాయి.

మొదట ఇరుగుపొరుగు కొన్నారు. ఇరుగుపొరుగు కొనడమంటే మీకు తెలియనిదేముంది! "మనలో మనకి డబ్బులేమిటే" అంటూ పట్టుకుపోవడం. ఇలా అయితే లాభం లేదని ఇన్‌స్టాగ్రాంలో ఒక పేజీ తెరిచింది, వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టింది. పెట్టి నాకు ఫోన్ చేసింది.

"పిన్నీ, నువ్వు నవలలు రాస్తావు కదా. నా రుమాళ్ళ ఫోటోల కింద వేసుకోడానికి నాలుగు ముక్కలు రాసిపెట్టవూ?"

బి.ఏ.లో చదువుకున్న కవిత్వమంతా అక్కరకొచ్చే రోజు వచ్చిందని సంబరపడి, వెన్నెలనీ, పాలనురగనీ, నాగావళి మీద పొగమంచునీ కలిపి రెండు పేజీలు రాసి పంపాను. మర్నాడు చూస్తే ఫోటో కింద ఇలా ఉంది: "పొందూరు నేత. చేతికుట్టు. పది రోజులు పడుతుంది."

"నా పొగమంచు ఏదే?" అన్నాను.

"జనం బొటనవేలితో తోసుకుంటూ పోతారు పిన్నీ. ఆ వేలు ఆగే లోపల మూడు మాటలే పడతాయి," అంది.

పన్నెండు నవలలు రాసినదాన్ని! అయినా పైకేమీ అనలేదు. ఆ మూడింట్లో మూడో మాట ఎంత బరువైందో అప్పటికి మా ఇద్దరికీ తెలీదు.

ఇంతకీ మీరొకటి గమనించారా? అది "ఖాదీ" అని రాయలేదు. ఆ మాట ఎవరు పడితే వారు వాడుకునేది కాదు. 2013లో వచ్చిన ఖాదీ మార్కు నిబంధనల ప్రకారం, ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ ఇచ్చే ఆ గుర్తు లేకుండా ఏ బట్టనీ ఖాదీ అని అమ్మకూడదు. అందుకని సంఘం దుకాణంలో బట్ట కొన్న రసీదుని ఫోటో తీసి రుమాలు పక్కన పెడుతుంది. ఏ నవలా రచయిత్రికీ తట్టని అలంకారం!

విజయనగరం వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఈ సోషల్ మీడియా ఏడాది పొడుగునా జరిగే సిరిమానోత్సవం. దసరా వెళ్ళిన మంగళవారం మన పైడితల్లమ్మ పండగలో కాలు పెట్టడానికి చోటుండదు కదా. ఎక్కడ చూసినా కళ్ళే. కానీ అన్నీ పైనున్న సిరిమాను వైపే. కింద గాజులమ్ముకునే మనిషి అందులో ఒక్క జత కళ్ళనైనా కిందికి దింపుకోవాలి. ఫోన్లో అయితే ఆ దింపే పని ఆల్గారిథం చేస్తుందట. ఎవరికి ఏది చూపించాలో నిర్ణయించేది అదేనట. నాకది అచ్చం పాతకాలపు అత్తగారిలా కనపడింది. ఎందుకు నవ్విందో చెప్పదు, ఎందుకు మూతి ముడిచిందో చెప్పదు. నిన్న లొట్టలేసిన కూరే ఇవాళ వండితే ముట్టదు. రెండ్రోజులు ఎదట పడకపోతే అసలు ఈ కోడలు ఇంట్లో ఉందన్న సంగతే మర్చిపోతుంది.

ఇక వచ్చే బేరాలు! ధర ఫోటో మీదే రాసి ఉన్నా "ప్రైస్ ప్లీజ్" అని అడిగి, చెప్పగానే మాయమయ్యేవాళ్ళు కొందరు. రాత్రి పదకొండింటికి "హాయ్" అని రాసి ఊరుకునే మగమహారాజులు కొందరు. డబ్బు పంపినట్టు దొంగ స్క్రీన్‌షాట్ పంపించే ఘనులు కొందరు. వీళ్ళందరికీ సమాధానాలు చెప్పేసరికి రోజుకి రెండు గంటలు. రెండు గంటలంటే ఒక రుమాలు.

"రోజుకో రుమాలు ఫోన్‌కి కట్నం ఇచ్చుకుంటున్నాను పిన్నీ," అంది ఓ రోజు.

కిందటి వేసవిలో ఇద్దరం కలిసి పొందూరు వెళ్ళాం. నేను విజయనగరంలో రైలెక్కి చీపురుపల్లి, సిగడాం దాటి దిగాను. అది ఆమదాలవలస వైపు నుంచి వచ్చింది. అక్కడ ఓ ఇంటి వసారాలో ఒక ముసలామె కూర్చుని వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతోంది. అవును, చేప దవడే! దానికున్న సన్నటి పళ్ళతో కొండపత్తిని దువ్వితే చెత్తా చెదారం పోయి పీచు వరసగా సర్దుకుంటుంది. ఆ తర్వాత గింజ తియ్యడం, చిన్న విల్లుతో ఏకడం, ఏకులు చెయ్యడం, రాట్నం మీద వడకడం, అన్నీ చేతిపనులే. పొందూరు పేరు చెప్పగానే అందరూ వంద కౌంటు నూలు అంటారు. ఆ లెక్క విడమరిస్తే గుండె ఝల్లుమంటుంది. ఒక పౌను పత్తిలోంచి 84,000 గజాల దారం తీస్తే దాన్ని వంద కౌంటు అంటారు. దాదాపు 77 కిలోమీటర్లు. దారం కొస విజయనగరంలో పట్టుకుని బయలుదేరితే శ్రీకాకుళం చేరాక ఇంకా చేతిలో మిగులుతుంది.

మా అక్క కూతురు ఫోన్ తీసి, "మామ్మా, వీడియో తీసుకోవచ్చా?" అని అడిగింది.

"మొకం తీస్తావేటి, సేతులు తీస్తావేటి?" అందామె. "సేతులైతే తియ్యి. మొకానికి వయసయిపోనాది."

చేతులే తీసింది. దువ్వే చెయ్యి, వడికే చెయ్యి, చివర్న తన చెయ్యి, సూది. అంతా కలిపి ఒక్క నిమిషం. వెనక పాట లేదు, రాట్నం చప్పుడే.

నిజానికి ఇదేమీ కొత్త కిటుకు కాదు. వెనకటి రోజుల్లో గాంధీగారు ఈ సన్నబట్ట సంగతి విని, ఎలా వడుకుతున్నారో చూసి రమ్మని కొడుకు దేవదాసుని పొందూరు పంపించారు. తర్వాత యంగ్ ఇండియా పత్రికలో దాని గురించి రాశారు. చూసిన పనిని చూసినట్టు పదిమందికీ చెప్పడమే అప్పుడూ ఇప్పుడూ ప్రచారం.

ఆ ఒక్క నిమిషాన్ని అత్తగారు మెచ్చింది! ఏ మూడ్‌లో ఉందో గానీ ఎక్కడెక్కడి వాళ్ళకో చూపించింది. వారం తిరక్కుండా నూట నలభై రుమాళ్ళకి ఆర్డర్లు వచ్చాయి. ఇంటిల్లిపాదీ సంబరం. సాయంత్రానికి మా అక్క కూతురు కాగితం మీద లెక్క వేసుకుంది. రోజుకి నాలుగు చొప్పున ముప్పై అయిదు రోజులు. ఫోన్ కట్నం తీసేస్తే నలభై ఏడు. రాసుకున్నది మాత్రం "పది రోజులు పడుతుంది".

సరిగ్గా అప్పుడే ఒక పెద్ద ఊరి వ్యాపారి దగ్గర్నుంచి కబురొచ్చింది. మిల్లు గుడ్డ, మిషను కుట్టు, మూలన మొగ్గ కూడా మిషనుదే. ఇది అమ్మే ధరలో పదో వంతుకి ఎన్నంటే అన్ని పంపిస్తాడట. నమూనా ఫోటో పంపాడు. దాన్నీ, మా అక్క కూతురు కుట్టిన దాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. చెప్పొద్దూ, ఫోన్లో రెండూ ఒక్కలాగే ఉన్నాయి. చేతిలోకి తీసుకుంటే పసిపిల్ల కూడా చెప్పేస్తుంది. కానీ ఫోన్లో చెయ్యి పెట్టే చోటు లేదే!

"ముక్కు తుడుచుకునే గుడ్డకి ఇంత ఆలోచనేమిటమ్మా? తెప్పించి పంపించెయ్యి. పిల్ల ఫీజుకి గడువు దగ్గర పడుతోంది," అన్నారు వాళ్ళత్తగారు. అన్నది అత్తగారే అయినా మాటలో అన్యాయం లేదు. ఫీజు గడువు నిజమే.

ఆ రాత్రి అది నిద్రపోలేదట. తెల్లారి లేచి, ఆర్డర్లు రాసుకున్న నోటుపుస్తకం పేజీనే, పేర్లమీద పసుపు డబ్బా అడ్డం పెట్టి ఫోటో తీసింది. దాని కింద ఇలా రాసింది: "నూట నలభై అడిగారు. నావి రెండే చేతులు. వరస ప్రకారం కుడతాను. మీ వంతు వచ్చాకే డబ్బు పంపండి. ఆగలేనివారు మొహమాటం లేకుండా చెప్పండి."

సాయంత్రంలోగా యాభై రెండు రుమాళ్ళ వాళ్ళు వద్దన్నారు. ఎనభై ఎనిమిది మిగిలాయి. ఆ నెల ఫీజు కోసం చెవి దుద్దులు బ్యాంకుకి వెళ్ళాయి. దసరాకి తిరిగొచ్చాయి. ఈ లోపల పక్కింటి పిల్లలిద్దరికి అంచు చుట్టడం నేర్పింది. ఇప్పుడు ప్రతి రుమాలుతోపాటు వెళ్ళే చీటీ మీద అది ఎవరు కుట్టారో రాసి ఉంటుంది.

కథ ఇక్కడితో అయిపోతే పత్రికలో వెయ్యడానికి బాగుంటుంది. కానీ అవలేదు.

దుద్దులు విడిపించుకున్న వారంలో అది మళ్ళీ పొందూరు వెళ్ళింది. ముసలామెకి వీడియో చూపించింది. ఆమె తన చేతులు తనే వింతగా చూసుకుని, "ఎంతమంది సూసినారమ్మా?" అంది. ఇది చెప్పింది. "అంతమందే!" అని బుగ్గన చెయ్యి పెట్టుకుని, ఓ నిమిషం ఆగి అడిగింది:

"మరైతే నా సిలపకి ఓ రూపాయి పెరిగిందేటి?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. మా అక్క కూతురికి నవ్వు రాలేదు. నూలు చిలపకి ధర కట్టేది అది కాదు. అయినా ఆ చేతుల్ని చూపించి రుమాళ్ళు అమ్మింది తనే కదా. అప్పట్నించి ఆ వీడియో ఎప్పుడు పెట్టినా, తాంబూలంలో కొంత సొమ్ము పెట్టి పంపుతోంది. సంఘం దుకాణంలో తగ్గింపు అడగడం మానేసింది. "సినిమావోలకిచ్చినట్టేనేటి!" అంటూ ముసలామె లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకుందట. అది జవాబు కాదని మా అక్క కూతురికి తెలుసు, ఆమెకీ తెలుసు. చూసేవాళ్ళు వేలల్లో ఉండి, వడికేవాళ్ళు ఇంటి కోడళ్ళకి ఆ పని నేర్పడానికి వెనకాడుతుంటే, కొన్నాళ్ళకి వీడియో మిగులుతుంది, బట్ట మిగలదు. మనం చూసినందుకు కాదు, కొన్నందుకు, అదీ అడిగిన ధరకి కొన్నందుకు, ఆ రాట్నం తిరుగుతుంది.

మన ప్రాంతంలో ఇలాంటి చేతులు ఇంకా ఉన్నాయి. బొబ్బిలి పక్క గొల్లపల్లిలో పనస దుంగని తొలిచి వీణ చేసే చేతులున్నాయి. బుడితిలో ఇత్తడి, కంచు పోతపోసే చేతులున్నాయి. ఈ రెండింటికీ 1999 నాటి చట్టం కింద భౌగోళిక గుర్తింపు ఉంది. అంటే పేరుకి కాపలా ఉందన్నమాట. మనిషికి కాపలా కాయవలసింది మాత్రం బేరగాళ్ళే.

ఇంకో సంగతి. ఫోన్లో పెట్టుకున్న అంగడి నేల మనది కాదు. 2020 జూన్ 29న మన దేశంలో టిక్‌టాక్‌ని నిషేధిస్తే, దాని మీద అంగడి పెట్టుకున్నవాళ్ళు తెల్లారేసరికి దిక్కులు చూశారు. ఇది విన్నప్పట్నించి మా అక్క కూతురు కొన్నవాళ్ళ చిరునామాలన్నీ ఆ నోటుపుస్తకంలో సిరాతో రాసుకుంటోంది. అత్తగారికి కోపమొచ్చి తలుపేసుకున్నా, పోస్టుకార్డు ముక్క రాసుకోవచ్చుగా!

అందుకని మీకొక మనవి. చేత్తో చేసిన వస్తువు ఫోన్లో కనపడితే "ఎంత?" అని అడగండి, తప్పు లేదు. దాంతోపాటు "ఎన్నాళ్ళు పడుతుంది?" అని కూడా అడగండి. ఎన్ని కావాలన్నా రేపే పంపిస్తామన్న జవాబొస్తే, మీ వేలు నిరభ్యంతరంగా కిందికి తోసుకుంటూ పొండి. ఆగాలన్న జవాబొస్తే ఆగండి.

నేనూ ఆగుతున్నాను. సంక్రాంతికి మా వారికి ఓ అరడజను రుమాళ్ళు కావాలని చెబితే, పిన్నినన్న మొహమాటం కూడా లేకుండా నాకో నంబరిచ్చింది. లెక్క వేశాను. శివరాత్రికి వస్తాయి.