ట్యూబ్‌లైట్ వంకర

బాక్స్‌కి నల్ల రంగు కొట్టి, ఆరాక షెడ్డులో ట్యూబ్‌లైట్ కింద పెట్టాం. నిగనిగలాడే నల్ల రంగు కదా, లైటు నీడ దాని మీద గీత గీసినట్టు పడాలి. పడలేదు. పాము పాకినట్టు మెలికలు తిరిగింది. నేను రెండడుగులు పక్కకి జరిగి చూశాను. పాము కూడా జరిగింది.

ఆ బాక్స్ సంగతి ముందు చెప్పాలి. సెకండియర్ సెలవుల్లో బావ సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్ కొన్నాడు. సబ్ వూఫర్ కావాలి, కానీ డిక్కీ సగం తినేసే చెక్క డబ్బా వద్దు, ఓ పక్క గోడకి ఒదిగిపోవాలి అన్నాడు. "బయట చాలా అడుగుతున్నారు, నువ్వు మెకానికలే కదరా" అన్నాడు. ఈ 'మెకానికలే కదరా' అన్న మాట మన బ్రాంచిలో ఎంతమందిని ముంచిందో లెక్క తీస్తే బాగుండు. నేనూ మునిగాను.

చేయడం వరకు బాగానే నడిచింది. డిక్కీ పక్క గోడకి మాస్కింగ్ టేపు, దాని మీద అల్యూమినియం ఫాయిల్ అంటించి, ఆపైన గ్లాస్ మ్యాట్ ముక్కలు పరిచి, హార్డెనర్ కలిపిన పాలిస్టర్ రెజిన్ పూశాను. గట్టిపడ్డాక ఊడదీస్తే కారు ఒంపులన్నీ అచ్చు దిగాయి. ముందు వైపు 10 అంగుళాల స్పీకర్ కోసం ఎండీఎఫ్ రింగ్ నిలబెట్టాను. రింగుకీ అచ్చుకీ మధ్య ఫ్లీస్ గుడ్డ బిగుతుగా లాగి, స్టేప్లర్ కొట్టి, గుడ్డని రెజిన్‌తో తడిపాను. ఆరాక లోపల నుంచి ఇంకో మూడు పొరల మ్యాట్. నాలుగు రోజుల పని. చెమట పట్టిన మెడ మీద గాజు పీచు పడితే ఎలా ఉంటుందో మాత్రం రాయలేను. ఫుల్ చేతుల చొక్కా వేసుకోండి, మాస్క్ పెట్టుకోండి, అంతే.

బాక్స్ గట్టిగా ఉంది, గాలి లీకు లేదు. ఇంకేముంది, నున్నగా రుద్ది రంగేయడమే కదా అనుకున్నాను. ఆ 'రుద్ది' అన్న చోటే నా చదువంతా బయటపడింది.

మొదటి దెబ్బ రెజిన్ దగ్గరే తగిలింది. గాలి తగిలే పైపొర పూర్తిగా గట్టిపడదు, జిగురు జిగురుగా మిగులుతుంది. నేను దాని మీదే 40 నంబరు పేపర్ పట్టాను. రెండు నిమిషాల్లో పేపర్ మూసుకుపోయింది. ముందు అసిటోన్‌తో తుడవాలని తెలిసేసరికి ఆరు పేపర్లు ఖర్చయ్యాయి. తర్వాత పుట్టీ పెట్టాను. కార్లకి వాడే పాలిస్టర్ పుట్టీ, గోడల లప్పం కాదు. పేపర్‌ని నాలుగు వేళ్ల కింద మడిచి 80 తో, ఆపైన 180 తో రుద్దాను. చివర్లో దుమ్ము లేస్తోందని నీళ్లు పోసి వాటర్ పేపర్ కూడా కొట్టాను. వేళ్లతో తడిమితే పట్టులా తగిలింది. బూడిద రంగు ప్రైమర్ కొడితే కంపెనీ సరుకులా కనిపించింది. వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టేశాను.

రంగు కోసం ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బాక్స్ మీద అరచెయ్యి ఒక్కసారి పోనిచ్చి, "అబ్బాయ్, దీనికింకా రెండు మూడు రోజుల పనుంది" అన్నారు. "కొట్టేయండి మేస్త్రి గారూ, రేపు బావ వస్తాడు" అన్నాను. ఆయన ఇంకోసారి అడిగారు. నేను మళ్లీ అదే చెప్పాను. కొట్టారు.

మర్నాడు బావ వచ్చి పాముని చూశాడు. "ఏంట్రా ఇలా ఉంది?" అన్నాడు. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "రంగు సరిగ్గా పడలేదు బావా."

మేస్త్రి పది అడుగుల దూరంలో థిన్నర్‌తో గన్ కడుక్కుంటున్నారు. తల ఎత్తలేదు. బావ ఒప్పుకున్న దాంట్లో 500 తగ్గించి ఇచ్చాడు. ఆయన లెక్క పెట్టుకోకుండానే జేబులో పెట్టుకున్నారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఏమీ అనలేదు.

ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. పొద్దున్నే బాక్స్ ఆటోలో వేసుకుని వెళ్లాను. "నిన్న నేనన్నది తప్పండీ" అన్నాను. ఆయన "టీ తాగావా?" అన్నారు. ఆ విషయం మీద మా ఇద్దరి మధ్య నడిచిన సంభాషణ అంతే.

టీ అయ్యాక పాత హవాయి చెప్పులోంచి కోసిన రబ్బరు ముక్క చేతిలో పెట్టారు. దానికి 180 పేపర్ చుట్టి, నా రంగు మీదే రుద్దమన్నారు. అటు వాలుగా కొన్ని సార్లు, ఇటు వాలుగా కొన్ని సార్లు, ఇంటూ గుర్తు వేసినట్టు. పది నిమిషాలకి బాక్స్ మీద మ్యాప్ తేలింది. ఎత్తుగా ఉన్న చోట నలుపు పోయి ప్రైమర్ కనిపించింది. పల్లాల్లో నలుపు అలాగే మిగిలింది, చిన్న చిన్న చెరువుల్లా. పదిహేడు లెక్కపెట్టాను. ఒక్కో చెరువు నా వేళ్ల వెడల్పే ఉంది.

అప్పుడర్థమైంది. వేళ్లు మెత్తన, పల్లం వస్తే దాంట్లోకి దిగి అక్కడా రుద్దుతాయి. గుంట గుంటలాగే ఉండి నున్నబడుతుంది, అంతే. రబ్బరు ముక్క గుంటలోకి దిగదు, రెండు గట్ల మీద ఆని గట్లనే కోస్తుంది. నేను చేసింది నున్నగా ఉంది, చదునుగా లేదు. ఈ రెండూ వేరని నాకు ఏ ల్యాబ్‌లోనూ తట్టలేదు, సర్ఫేస్ రఫ్‌నెస్ గురించి పరీక్షలో నాలుగు పేజీలు రాసినా సరే. మరి ప్రైమర్‌లో ఎందుకు కనపడలేదంటే, అది మెరవదు, వెలుతురుని అన్ని వైపులకీ చెదరగొడుతుంది. నిగనిగలాడే నలుపు అద్దం లాంటిది. వంకర ఉంటే చూపించేస్తుంది.

చెరువులన్నీ పూడ్చాం. పుట్టీ గట్టిగా గిలక్కొట్టకూడదు, గాలి బుడగలు చేరి సూది బెజ్జాలవుతాయి. బెజ్జాల్లోకి సన్న పుట్టీని బ్లేడుతో నొక్కి పట్టించాలి. పైన ప్రైమర్ మూతేసినా, తర్వాత అవి తెరుచుకుంటాయి. నీళ్ల సంగతి చెప్తే మేస్త్రికి మొదటిసారి కోపం వచ్చింది. పుట్టీ నీళ్లు తాగుతుందట, ఆ తడి లోపలే ఉండిపోతే కొన్నాళ్లకి రంగు పొంగుతుందట. నేను నీళ్లు పోసిన చోటల్లా గీకించి, బాక్స్‌ని ఓ పూటంతా ఎండలో పెట్టించారు. వాటర్ పేపర్ కొట్టాలంటే ప్రైమర్ మీదే.

ప్రైమర్ వేశాక, థిన్నర్ బాగా కలిపిన నల్ల రంగుని మంచు చల్లినట్టు కొట్టి, మళ్లీ చెప్పు ముక్కతో 400. మళ్లీ చెరువులు, ఈసారి నాలుగు. మళ్లీ పుట్టీ, ప్రైమర్, మంచు. చివరికి 600. మొత్తం మూడు రోజులు.

మధ్యలో ఆయన పల్చటి గుడ్డ పరిచి, దాని మీద అరచెయ్యి జరిపి "ఇక్కడ" అనేవారు. నాకు ఏమీ తెలిసేది కాదు. పేపర్ కొడితే సరిగ్గా అక్కడే చెరువు. ఇరవై ఏళ్లకి పైగా పేపర్ పట్టిన చేతులు. వేలిముద్రలు అరిగిపోయి రేషన్ షాపు మెషీన్ ఆయన బొటనవేలిని ఒప్పుకోదట, వాళ్లావిడ వెళ్లి తెచ్చుకుంటుందట. నవ్వుతూ చెప్పారు. నేను మాత్రం గుడ్డ వైపే చూస్తూ ఉండిపోయాను.

రంగు ఆరాక ట్యూబ్‌లైట్ కింద పెట్టాం. గీత తిన్నగా పడింది. నేను 500 ఇచ్చాను. "లెక్క లెక్కే" అని తీసుకున్నారు. మూడు రోజుల పనికి డబ్బులు మాత్రం ఎంత అడిగినా చెప్పలేదు.

బావకి జరిగింది మొత్తం చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆయనకి ఫోన్ చేసి ఇవ్వు" అన్నాడు. ఇచ్చి పక్కకి వెళ్లిపోయాను, ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు.

రింగు కింద, ఎడమ మూలలో, ఇప్పటికీ ఓ చిన్న పల్లం మిగిలింది. అది కూడా బావకి చెప్పాను. డిక్కీ తెరిచి చాలాసేపు వేళ్లతో తడిమాడు. దొరకలేదు.