కాళ్లు మెచ్చిన నేల

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో పాత ఇళ్లు చూడండి... నేల మీద తాండూరు బండలో, షాబాదు బండలో కనిపిస్తాయి. ఎండాకాలం మధ్యాహ్నం చాప లేకుండా నడుం వాల్చినా నిద్ర ముంచుకొచ్చేది. కాస్త గరుకుగా ఉండేవేమో, తడి కాలికీ పట్టు దొరికేది. తర్వాత టైల్స్ కాలం వచ్చింది. నల్లగొండలో మా ఇంటికీ అద్దంలా మెరిసే టైల్సే!

అమ్మది మర్రిగూడ వైపు పల్లె. చిన్నప్పటి నుంచీ ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మనిషి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆ ప్రాంతంలో కొన్ని బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. ఊళ్లోకి కృష్ణా నీళ్లు వచ్చేసరికే అమ్మ మోకాళ్లు, నడుము బిగుసుకుపోయాయి. ఓ రోజు తడి టైల్స్ మీద జారింది. ఎముక విరగలేదు కానీ ధైర్యం పోయింది. వంటింట్లోకి రావడమే మానేసింది.

టైల్స్ పగలగొడితే దుమ్ము, మోత, రోజుల తరబడి పని. అన్నాళ్లు అమ్మను ఎక్కడ ఉంచాలి? అందుకే వాటి మీదే వినైల్ షీటు వేయిద్దామనుకున్నాం. షాపు నుంచి నాలుగు శాంపిల్ ముక్కలు తెచ్చి, నీళ్లు చల్లి అమ్మ ముందు పెట్టాం. గోడ పట్టుకుని ఒక్కోదాని మీదా కాలు మోపి చూసింది. రంగు బాగున్నదాన్ని వదిలేసి, గరుకుగా ఉన్నదాన్ని చూపించింది.

పనికి వచ్చినతను వెంటనే షీటు విప్పలేదు. ముందు ప్రతి టైలునూ తట్టి చూశాడు. డొల్ల మోత వచ్చినవాటిని తీసి మళ్లీ అతికించాడు. నేల మీద పాలిథిన్ ముక్క పరిచి, చుట్టూ టేపు వేసి ఓ రాత్రి ఉంచాడు. తెల్లారి దాని కింద నీటి చుక్కలు కనిపిస్తే పని ఆపాల్సిందేనట. అదృష్టం, పొడిగానే ఉంది. జిడ్డంతా కడిగి ఆరబెట్టాక, టైల్స్ మధ్య గీతలను లెవలింగ్ సిమెంటుతో నింపాడు.

‘‘పైన కప్పేదే కదా, ఇదంతా ఎందుకు?’’ అన్నాను.

‘‘షీటు పల్చగుంటది అన్నా. కింద గీత ఉంటే కొన్నాళ్లకు పైకి తేలుతది’’ అన్నాడు.

వేడికి షీటు సాగుతుంది కాబట్టి గోడల వెంట కాస్త సందు వదిలి, దాని మీద పట్టీ వేశాడు. నేల ఎత్తు పెరిగింది కదా, తలుపుల అడుగు కొంచెం కోయాల్సి వచ్చింది.

దీనికీ కొన్ని జాగ్రత్తలున్నాయి. కర్పూరం నిప్పు పడితే మచ్చ ఖాయం. అందుకే పూజగదిలో వేయించలేదు. రబ్బరు అడుగున్న పట్టాలు వేస్తే పసుపు మరకలు పడతాయి. బీరువా, గ్రైండర్ లాగితే చిరుగుతుంది. నీళ్లు ఒలికితే దీని మీదైనా వెంటనే తుడవాల్సిందే.

‘‘మంచి టైల్స్ మీద ఈ ప్లాస్టిక్ ఏంటి?’’ అంటారు వచ్చిన చుట్టాలు. వాళ్లకు ఇప్పుడు అమ్మే చాయ్ పెట్టి తెచ్చిస్తోంది. మీ ఇంట్లోనూ పెద్దవాళ్లు గోడ పట్టుకుని నడుస్తున్నారా? మోకాళ్ల నొప్పులని సరిపెట్టుకోకండి. ఒక్కసారి నేలవైపూ చూడండి.