షజ్రాలో లేని పేరు

మా ఇంటి ముందు గదిలో, గోడ గడియారం పక్కన, అద్దాల చట్రంలో ఒక షజ్రా వేలాడుతూ ఉంటుంది. అడుగున మా అబ్బాజాన్ పేరు, శిఖరాన ఒక మహనీయ సహాబీ పేరు, నడుమ మరో పదిహేడు పేర్లు. అరబ్బు నేల నుంచి హైదరాబాదు దాకా సాగిన వంశక్రమమని పెద్దలు చెబుతుండగా వింటూ పెరిగాము. ఆ పేర్లను ఒక్కసారైనా లెక్కించలేదు.

గత చలికాలంలో మా అమ్మాయికి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి విద్యావంతుడు, నమాజు తప్పనివాడు, మృదుస్వభావి. వారిది కర్నూలు ప్రాంతపు దూదేకుల కుటుంబం. ఆ సంగతి వినగానే మా భాయిజాన్ షజ్రా వైపు వేలు చూపారు. "మన ఖాందాన్ ఏమిటి, వాళ్ళ ఖాందాన్ ఏమిటి? దూది ఏకిన ఇంటికి పిల్లనిస్తామా?" అన్నారు. పెద్దవారి మాటకు ఎదురు చెప్పలేక భార్యాభర్తలమిద్దరం మౌనం వహించాము.

ఆ రాత్రి అమ్మాయి షజ్రా ముందు నిలబడి పేర్లు లెక్కపెట్టింది. "అబ్బా! పద్నాలుగు వందల ఏళ్ళకు పంతొమ్మిది పేర్లేనా? తరానికి డెబ్బై ఏళ్ళకు పైగా వస్తోందే!" అంది. తరానికి ముప్ఫై ఏళ్ళ చొప్పున చూసినా నలభైకి మించి పేర్లుండాలి. మా దగ్గర సమాధానం లేదు.

షజ్రా కాక మా వద్దనున్న పాత ఆధారం ఒక్కటే. అది దాదాగారి యౌవనం నాటి ఛాయాచిత్రం. దాని వెనుక ఉర్దూలో రాసిన ఊరి పేరు చెమ్మకు చెరిగిపోయింది. 'జిల్లా బళ్ళారి' అన్న మాటలు మాత్రం మిగిలాయి. మా అబ్బాజాన్ జీవించి ఉండగా ఒకసారి బళ్ళారి వెళ్ళి, అక్కడి మసీదులలో విచారించి, ఎవరూ ఆనవాలు పట్టకపోవడంతో తిరిగి వచ్చారు.

మూడవ ఆధారం అనుకోని దిక్కు నుంచి వచ్చింది. రెండేళ్ళ క్రితం భాయిజాన్ అమెరికాలోని కుమారుని వద్దకు వెళ్ళినప్పుడు, ఆ పిల్లవాడు సరదాగా ఆయన లాలాజలాన్ని డీఎన్ఏ పరీక్షకు పంపాడు. అరబ్బు మూలాలు బయటపడతాయని భాయిజాన్ ఆశించారు. ఫలితంలో కనిపించినది దాదాపు అంతా దక్షిణ భారతమే. దానితోపాటు వచ్చిన బంధువుల జాబితాలో మేమెరుగని ఒక మహిళ పేరు ఉంది. ఇద్దరి డీఎన్ఏలో సుమారు మూడు శాతం ఉమ్మడిగా ఉందని రాశారు. "యంత్రం పొరపడింది" అని భాయిజాన్ ఆ కాగితాన్ని పక్కన పడేశారు.

అమ్మాయి దానిని వెతికి తీసింది. మనిషి డీఎన్ఏలో సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తుంది. తరం మారిన కొద్దీ పంపకం సగానికి సగం తగ్గుతుంది. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ మనుమలకు పరస్పరం ఉండే సగటు పోలిక మూడు శాతం. అంటే ఆ మహిళ నానమ్మ గాని, అమ్మమ్మ గాని, తాతలలో ఎవరైనా గాని మా పెద్దలలో ఒకరికి తోబుట్టువు కావచ్చు. అమ్మాయి ఆమెకు సందేశం పంపింది. వారం తరువాత జవాబు వచ్చింది: "మా నానీ ఆదోనిలో ఉండేవారు. ఆమె అన్న హైదరాబాదుకు వెళ్ళి తిరిగి రాలేదు. మా తమ్ముడు ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నాడు."

ఆదోని కర్నూలు జిల్లాలోనిది కదా, బళ్ళారి మాటేమిటని సందేహించాము. పాత పటం చూశాక చిక్కు విడిపోయింది. 1800లో నిజాం ఆంగ్లేయులకు అప్పగించిన దత్తమండలాలలో ఆదోని ఒకటి. ఆ తరువాత అది మద్రాసు రాజ్యంలోని బళ్ళారి జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. బళ్ళారి మైసూరు రాజ్యంలో కలిసింది. ఊరు కదలలేదు, ఎల్ల కదిలింది. అబ్బాజాన్ జిల్లా కేంద్రంలో వెతికారు. వెతకవలసిన ఊరు అక్కడ లేదు.

ఫజ్ర్ నమాజు అనంతరం బయలుదేరాము. "నిజమేదో తేల్చుకుందాం" అంటూ భాయిజాన్ కూడా వచ్చి కారు ముందు సీట్లో కూర్చున్నారు. తుంగభద్ర దాటి కర్నూలులో ప్రవేశించి, కొండారెడ్డి బురుజు సమీపాన టీ తాగి, కోడుమూరు మీదుగా, మగ్గాల ఊరైన ఎమ్మిగనూరు మీదుగా సాగాము. నల్లరేగడి నేలల్లో చివరి పత్తి తీతలు జరుగుతున్నాయి. ఆదోని చేరువయ్యే కొద్దీ బోరాలు నింపిన లారీలు, రోడ్డు అంచుల తుమ్మముళ్ళకు చిక్కుకున్న దూది పింజలు కనిపించాయి. ఈ పట్టణానికి అన్నం పెట్టేది పత్తి.

కోటకొండ నీడలోని జామియా మసీదులో జుహర్ నమాజు చేశాము. బీజాపూరు సుల్తానుల కాలంలో సిద్దీ మసూద్ ఖాన్ 17వ శతాబ్దంలో కట్టించిన మసీదు అది. ఆ చల్లని రాతి నేల మీద మా దాదా కూడా సజ్దా చేసి ఉంటారన్న ఊహతో చాలాసేపు లేవలేకపోయాము.

అక్కడి నుంచి ఒక పాత పాఠశాలకు వెళ్ళాము. ప్రధానోపాధ్యాయులు ఓపికతో ప్రవేశ రిజిస్టర్లు తీయించారు. పురుగు తిన్న పుటల నడుమ దాదాగారి పేరు, ఆయన తండ్రి పేరు కనిపించాయి. పేరు ముందు మేమెరిగిన 'షేక్' లేదు. చివర 'అప్ప' ఉంది. కులం గడిలో గుండ్రని తెలుగు అక్షరాలతో 'దూదేకుల' అని ఉంది. భాయిజాన్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివారు. ఏమీ అనలేదు.

ఇల్లు ఇరుకు సందులో ఉంది. వరుసకు మా తమ్ముడయ్యే ఆ గృహస్థు సలాం చేసి, భాయిజాన్‌ను పెద్దన్నగా సంబోధించి, మంచం మీద కూర్చోబెట్టారు. మాటలన్నీ తెలుగులోనే సాగాయి. ఉర్దూ రాదని ఎవరైనా హేళన చేస్తారేమోనన్న బెరుకు ఆయన గొంతులో వినిపించింది. దూలానికి దూది ఏకే విల్లు వేలాడుతోంది. నరపు తాడును కొయ్య సుత్తితో మీటుతుంటే అణగిన దూది పొంగి మేఘంలా లేచేదని, మిల్లులు వచ్చిన కొద్దీ ఆ విల్లుకు పని లేకుండా పోయిందని ఆయన చెప్పారు. మా దాదా పొట్ట చేతపట్టుకుని హైదరాబాదు వెళ్ళి పరుపులు కుట్టారట. ఆ ముక్క మా ఇంట్లో ఎవరూ మాకు చెప్పలేదు.

తరువాత ఒక రేకు పెట్టె తెరిచారు. అందులో దారంతో కట్టిన మనియార్డరు కూపన్లు. ప్రతి రమజాను నెలలో దాదా చెల్లెలికి పంపిన డబ్బు తాలూకువి. ఒక్కొక్క దాని మీద ఒకటి రెండు వాక్యాలు: పిల్లలు క్షేమం, దుఆ చేయి. చివరి కూపను మీద 1974 తపాలా ముద్ర ఉంది. మరుసటి రమజానుకు ముందే దాదా మరణించారు. డబ్బు రాకపోవడాన్ని బట్టి అన్న లేడని ఆమె గ్రహించిందట. "మీ ఇంటి నుంచి ఎవరైనా రెండు ముక్కలు రాస్తారేమోనని నానీ పోస్టుమాన్ కోసం చూసేది" అన్నారాయన. ఆ మాటలో నింద లేదు. అందుకే తలెత్తలేకపోయాము. ఆ షజ్రా రాయించినది దాదా పోయిన తరువాతే. మా పెద్దమ్మాయి ఫూఫీ పెళ్ళి సంబంధాల వేళ, అడిగినవారికి చూపించడానికి.

దివ్య ఖుర్ఆన్ అల్ హుజురాత్ సూరాలో మానవులను జాతులుగా, తెగలుగా చేసినది పరస్పరం గుర్తించుకోవడానికేనని, దేవుని దృష్టిలో ఆదరణీయత భయభక్తులను బట్టేనని అల్లాహ్ తెలియజేశాడు. బంధుత్వాలు నిలుపుకునేందుకు వంశాన్ని తెలుసుకోండని దైవప్రవక్త (స) బోధించారు. మేము ఆ పటాన్ని బంధువులను దూరం చేసేందుకు వాడుకున్నాము. హజ్రత్ దావూద్ (అ) కవచాలు చేశారు, హజ్రత్ జకరియ్యా (అ) వడ్రంగి. జస్సాస్, ఖస్సాఫ్, కఫ్ఫాల్ అని మనం గౌరవంతో తలచే ఫిఖ్హ్ విద్వాంసుల పేర్లకు అర్థాలు సున్నం పనివాడు, చెప్పులు కుట్టేవాడు, తాళాలు చేసేవాడు. వారు తమ వృత్తి పేరును దాచుకోలేదు.

ఇలా వెతకదలచిన పాఠకులకు మా అనుభవం కొంత ఉపకరించవచ్చు. ముందుగా ఇంటి వృద్ధులను అడిగి రాసుకోండి. ఛాయాచిత్రాల వెనుక పేర్లు పెన్సిలుతో రాయండి. నికాహ్‌నామాలు, బడి రిజిస్టర్లు, భూమి ఉన్నవారైతే పాత అడంగళ్ళు చూడండి. ఆ కాలంలో ఊరు ఏ జిల్లాలో ఉండేదో తెలుసుకోండి. డీఎన్ఏ పరీక్ష విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. అది బంధువును చూపగలదు, బంధుత్వపు కథను చెప్పలేదు. నికాహ్‌తో స్థిరపడిన నసబ్‌ను కాదనడానికి దానిని ఆధారం చేసుకోరాదని 2002లో మక్కాలో సమావేశమైన ఇస్లామీ ఫిఖ్హ్ మండలి తీర్మానించింది. కుటుంబాలలో అనుమానాలు రేపేందుకు దానిని సాధనం చేసుకోకూడదు.

అస్ర్ తరువాత ఖబ్రస్తానుకు వెళ్ళి, దాదా చెల్లెలి సమాధి వద్ద మగ్‌ఫిరత్ కోసం దుఆ చేశాము. తిరుగు ప్రయాణంలో ఎమ్మిగనూరు దాటేవరకు భాయిజాన్ నోరు విప్పలేదు. అప్పుడు ఒక్క మాట అడిగారు: "ఆమెకు మనియార్డరు వెళ్ళకుండా ఎన్ని రమజానులు గడిచాయి?" ఎవరమూ లెక్క చెప్పలేదు.

మరునాడు ఆయన మా ఇంటికి వచ్చి షజ్రాను గోడ మీది నుంచి దించారు. అమ్మాయిని ఒక తెల్లకాగితం తెమ్మన్నారు. తెలిసిన పేర్లు మాత్రమే రాయమన్నారు. దాదాగారి తండ్రి పేరు, దాని కింద దాదా పేరు, పక్కన ఆయన చెల్లెలి పేరు. పాత షజ్రాలో స్త్రీల పేర్లు ఒక్కటీ లేవని అప్పుడు గమనించాము. ఆమె కింద ఆదోని ఇంటి పిల్లల పేర్లన్నీ రాయించాక, భాయిజాన్ లేచి చెప్పులు తొడుక్కున్నారు.

"కర్నూలు వారిని ఆదివారం రమ్మని చెప్పండి" అని గుమ్మం దాటారు.