కిటికీ సీటు అడుగు బావా

కమలాపురం

బావా,

ఈ ఉత్తరం చూసి నవ్వుకుంటావని తెలుసు. ఫోనులో రెండు నిమిషాలు వాయిస్ పెడితే పోయేదానికి ఇన్ని పేజీలు నింపి, సెలవుకొచ్చిన మీ మేనల్లుడి చేతికిచ్చి కువైట్‌కు పంపడమేందని అనుకుంటావు. వాయిస్ అయితే నువ్వు రూములో నలుగురి మధ్య వింటావు. ఈ సంగతులు నలుగురి మధ్య వినేవి కావు. అసలు సంగతి ముందే చెప్పేస్తా. నేను విమానం ఎక్కినా.

నమ్మవని బోర్డింగ్ పాసు ముక్క కూడా ఇందులోనే మడిచి పెట్టినా. చూసుకో.

ముప్పై ఏండ్లు పిల్లకాయలకు ఫిజిక్స్ చెప్పిన అయివారిని నేను. కాగితం పెదాల దగ్గర పెట్టుకొని పైన ఊదితే అది లేస్తుంది చూడండ్రా, బెర్నూలీ సూత్రం, విమానం ఎగిరేది ఇట్లనే అని ఏటేటా చూపించినోణ్ని. (రెక్క పైన గాలీ కింద గాలీ ఒకే సమయానికి వెనక్కి చేరాలని పిల్లలకు చెప్పింది తప్పని రిటైరైనాక చదివినా. రెక్క గాలిని కిందికి తోస్తుంది, గాలి రెక్కను పైకి తోస్తుంది. ఎన్ని బ్యాచులకు తప్పు చెప్పినానో!) ఇంత తెలిసీ, మా మేనకోడలి పెండ్లికి ఢిల్లీకి అందరూ విమానంలో పోతే నేనొక్కణ్నే రెండు రాత్రులు రైల్లో పోయినా. నడుము కోసమని చెప్పుకున్నా. నడుముకు ఏ రోగమూ లేదు.

ఈ భయం ఎప్పుడు పట్టుకుందో నాకు బాగా గుర్తు. 2009 సెప్టెంబరు 2. అప్పుడు నువ్వు కువైట్‌లో ఉండావు. ఉదయం బేగంపేటలో లేచిన ముఖ్యమంత్రి హెలికాప్టర్ తొమ్మిదిన్నరకల్లా జాడ లేకుండా పోయింది. ఆయన పులివెందుల మనకెంత దూరం చెప్పు? ఊరంతా టీవీల ముందర కూర్చుంది. ఆ రాత్రి కమలాపురంలో అన్నం తిన్న ఇల్లు తక్కువ. మరుసటి రోజు నల్లమలలో పావురాలగుట్ట దగ్గర శకలాలు కనపడినాయన్నారు. రాజశేఖర రెడ్డితో పాటు ఇద్దరు అధికారులు, ఇద్దరు పైలట్లు. ‘క్యుములోనింబస్’ అనే మాట అప్పటిదాకా నా నోట్సులోనే ఉండేది. ఆ వారంలో టీకొట్టు కాడ కూడా అదే మాట. నేను పాఠంలో చెప్పిన మేఘం మనిషిని చంపుతుందని నా ఒంటికి తెలిసింది ఆ పొద్దే. అంతకుముందు 2002లో కైకలూరు దగ్గర స్పీకర్ బాలయోగి, 2004లో బెంగళూరు జక్కూరులో సినిమా నటి సౌందర్య పోయినప్పుడు అయ్యో అనుకొని మరిచిపోయినోణ్ని, ఆ తర్వాత అవన్నీ ఒక వరసలో పేర్చుకొని కూర్చున్నా.

హెలికాప్టరూ చిన్న విమానమూ వేరు, టైంటేబుల్ పెట్టుకొని తిరిగే విమానం వేరు అని నాకు తెలుసు. నా కడుపుకు తెలవదు.

కడపలో ఒక డాక్టరమ్మ ఉండాది, బీపీకి చూపించుకుంటా. ఒకసారి సిగ్గు విడిచి అడిగినా. ఆమె మందేమీ రాయలేదు. “ఎన్ని టికెట్లు క్యాన్సిల్ చేసినారు?” అనడిగింది. మూడన్నా. “క్యాన్సిల్ చేసినాక ఎట్లుండింది?” అంది. ప్రాణం లేచి వచ్చినట్లుండిందన్నా. “ఆ హాయే మీ భయానికి తిండి. తప్పించుకున్న ప్రతిసారీ, చూసినావా తప్పించుకోబట్టే బతికినావు అని ఒళ్లు నేర్చుకుంటుంది” అంది. ఊపిరి పీల్చేటప్పుడు నాలుగు లెక్కపెట్టి, విడిచేటప్పుడు ఆరు లెక్కపెట్టమనింది. రెండు పెగ్గులేసుకొని ఎక్కమని మన వీధిలో వాళ్లు సలహా ఇచ్చినారని చెప్తే మాత్రం, అదొక్కటీ వద్దు అనింది.

సరే అనుకొనేలోపల 2025 జూన్ 12న అహ్మదాబాదు విమానం వచ్చిపడింది. లేచిన నిమిషంలోపలే. అందులో 242 మంది ఉంటే బయటపడింది ఒక్కడు, 11ఏ సీటులో కూర్చున్నవాడు. ఆ వీడియో ఎన్నిసార్లు చూసింటానో లెక్క లేదు. అల్లుడు మళ్లీ టికెట్ మాటెత్తలేదు, నేను అడగలేదు.

మరి రోడ్డు మీద పోయేటోళ్ల సంగతో? అదే ఏడు అక్టోబరులో కర్నూలు దగ్గర చిన్నటేకూరు కాడ తెల్లవారుజామున బస్సు కాలిపోయింది. అంతకు ముందు 2013లో పాలెం కాడ 45 మంది. పాలెం అంటే మనం హైదరాబాదుకు పోయే దారే గదా బావా. నిద్రపోతా ఎన్నిసార్లు దాటినామో ఆ చోటు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చచ్చిపోయినోళ్లు 1,68,491 మంది అని కేంద్రమే లెక్క చెప్పింది. అమెరికాలో 2001 సెప్టెంబరు 11 తర్వాత జనం విమానాలకు భయపడి కార్లెక్కినారంట. ఆ కార్ల వల్ల ఒక్క ఏడాదిలో సుమారు 1500 మంది ఎక్కువగా చచ్చిపోయినారని గెర్డ్ గిగరెంజర్ అనే జర్మన్ పండితుడు లెక్కగట్టినాడు. విమానానికి భయపడి చచ్చినోళ్లన్నమాట. ఇవన్నీ చదివి, లెక్కలన్నీ విమానం పక్కనే ఉండాయని తెలుసుకొని, నేను మళ్లీ బస్సే ఎక్కుతా వచ్చినా. మన పాపాఘ్ని వంతెన 2021 నవంబరు వరదకు కూలిపోయింది గదా, ఆ తర్వాత మనోళ్లు పక్కన వేసిన దారిలో ఏటిని దాటలేదా? దాని మీద ఎవడికైనా భయం పట్టిందా? కాళ్ల కింద నేలుంటే చాలు మనకు. అది కూలే నేలైనా సరే.

ఇంక జరిగింది విను. కార్తీకంలో ఒక పొద్దున హైదరాబాదు నుంచి అల్లుడు ఫోను చేసినాడు. పాపను కాన్పుకు ఆసుపత్రిలో చేర్చినాం, ఇంకా నెల టైముంది గానీ డాక్టర్లు ఆగేట్లు లేరు అని. రైలుకు రిజర్వేషన్ లేదు. బస్సంటే రాత్రికే. అసలు బస్సు పేరెత్తితే మీ చెల్లెలు ఒప్పుకోలేదు, టీవీలో చిన్నటేకూరు చూసినప్పటి నుంచి ఆమెకు బస్సు భయం. నాకు గాలిలో భయం, ఆమెకు నేల మీద భయం, ఇంట్లో ఇద్దరం ఇట్లా. కడప విమానాశ్రయం 2015 జూన్‌లో తెరిచినప్పుడు పిల్లకాయలను తీసుకపోయి గేటు బయట నుంచి చూపించినా, లోపల కాలు పెట్టింది లేదు. అల్లుడు టికెట్లు తీసి పంపినాడు. 11ఏ దొరుకుతుందేమో చూడమన్నా. నవ్వుకో. “అది వేరే విమానం మామా, ఇది ఏటీఆర్” అన్నాడు.

మీ చెల్లెలు జేబులో ఒక నిమ్మకాయ పెట్టింది, దర్గా కాడ తీసుకున్న తాయెత్తు చేతికి కట్టింది. సెక్యూరిటీ కాడ ఆ పిల్లోడు నిమ్మకాయ తీసి, తిప్పి చూసి, నా మొహం చూసి, మళ్లీ నా చేతిలోనే పెట్టినాడు. ఏమీ అనలేదు. నాలాంటోళ్లను చానామందినే చూసింటాడు.

ఏటీఆర్ అంటే మన బస్సుకు రెండింతల పైనే పొడవు, డెబ్బై ఎనిమిది సీట్లు. రెక్కలు నెత్తి మీద ఉంటాయి, వాటికి ఒక్కో పక్క ఒక్కో పంకా. ఎక్కేది వెనకపక్క తలుపు నుంచి. నా సీటు సరిగ్గా పంకా పక్కనే పడింది. అది తిరగడం మొదలుపెడితే మొదట రేకులు కనపడతాయి, తర్వాత ఒట్టి మసక, ఆ తర్వాత మసక కూడా లేదు. నా అరచేతులు తడిసిపోయినాయి. నాలుగు, ఆరు, నాలుగు, ఆరు.

అప్పుడు నడవకు అవతల సీటులో ఉన్న పిల్లోడు నన్ను పిలిచినాడు. “సార్, ఇది ఎట్ల పెట్టుకోవల్ల?” అని. బెల్టు రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకోని ఉండాడు. ఇరవై రెండు, ఇరవై మూడేండ్లు ఉంటాయి. ఒళ్లో ప్లాస్టిక్ ఫైలు, చొక్కా జేబులో పాస్‌పోర్టు, మాటిమాటికీ దాన్ని తడుముకుంటాండాడు. రాయచోటి పక్క పల్లె. హైదరాబాదులో మారి కువైట్‌కు పోతాడంట, డ్రైవర్ వీసా. నేను బెల్టు పెట్టి చూపించినా. “మీకు అలవాటేమో సార్” అన్నాడు.

ఊ అన్నా బావా. ముప్పై ఏండ్లలో ఏ పిల్లోని ముందరా అట్ల అబద్ధం ఆడలేదు.

ఆడినాక ఇంక నిలబెట్టుకోవల్ల గదా. పాఠం మొదలుపెట్టినా. ఇప్పుడు గట్టిగా దడ్ అని కింద చప్పుడొస్తుంది, అది చక్రాలు లోపలికి మడుచుకునేది. కొంచెం సేపటికి ఇంజన్ మోత ఉన్నట్టుండి తగ్గుతుంది, ఆగిపోయిందనుకోవద్దు, నేల విడిచేటప్పుడు కావాల్సినంత బలం పైకి పోయేటప్పుడు అక్కర్లేదు, అందుకే తగ్గిస్తారు. కుదుపులు వస్తాయి. మన రాళ్లనేల ఎండకు కాగి వేడిగాలి లేస్తుంది, ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ, అందుకే గుంతల రోడ్డు మీద పోయినట్లుంటుంది. ఈ రెక్క ఎంత బరువు మోయాల్సి వస్తుందని లెక్కగడతారో దానికి ఒకటిన్నర రెట్లు తట్టుకునేట్లు చేసినాకే ఎగరనిస్తారు. ఇంజన్లు రెండూ ఆగినా రాయి మాదిరి పడదు, 1983లో కెనడాలో ఒక పెద్ద విమానానికి నడిమధ్యలో నూనె అయిపోతే గాలిలో జారుకుంటా వచ్చి పాత రన్‌వే మీద దిగింది, ఒక్క ప్రాణం పోలేదు. ఇవన్నీ నేను రాత్రిళ్లు నిద్ర పట్టక చదువుకున్నవి. నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నా పని చేయలేదు. వానికి చెప్తాంటే ఒక్కొక్కటే చెప్పినట్లు జరగడం మొదలైంది. దడ్ మంది. వాడు నా వైపు చూసినాడు, నేను తల ఊపినా. మోత తగ్గింది. మళ్లీ చూసినాడు, మళ్లీ ఊపినా. అప్పుడు చూసుకుంటే నా చేతులు ఆరిపోయి ఉండాయి. మీ చెల్లెలంటావా, చక్రాలు లేవకముందే నిద్రపోయింది.

కాసేపటికి కింద అడవి వచ్చింది. ఒకదాని వెనక ఒకటి గుట్టలు, మధ్యలో దారి లేదు, ఊరు లేదు. కడప నుంచి హైదరాబాదుకు గీత గీస్తే నల్లమల మీదుగానే పోతుందని మ్యాపులో ముందే చూసుకోని ఉండా. పావురాలగుట్ట ఏదో నాకు తెలవదు, అన్నీ ఒకే తీరుగా ఉండాయి. పదహారేండ్లు నా తలకాయలో పెద్ద కొండై కూర్చున్నది అక్కడ ఎక్కడో పచ్చగా, చిన్నగా ఉండాది. భయం పోయిందని చెప్పను. వచ్చేటప్పుడు మళ్లీ అరచేతులు తడిసినాయి. అయినా కూర్చున్నా.

ఆ పిల్లోని మాట చెప్పడానికే ఇదంతా రాసినా. దిగేముందు అడిగినా, ఇప్పుడు భయం పోయిందా అని. వాడు ఫైలు సర్దుకుంటా, “విమానానికి కాదు సార్. దిగినాక నన్ను తీసుకపోయేదానికి ఎవరొస్తారో, ఎట్లాంటోళ్లో, అదే” అన్నాడు. నా దగ్గర దానికి పాఠం లేదు. నీ నంబరు రాసిచ్చినా. ఫోను చేస్తే ఎత్తు.

శంషాబాదు నుంచి ఆసుపత్రికి పోయేదాకా ఆలోచిస్తానే ఉండా. 1990లో ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు మీ నాయన బస్సుల్లో బాగ్దాదు మీదుగా అమ్మాన్‌కు చేరుకోని, ఆడి నుంచి ఎయిర్ ఇండియా విమానంలో బొంబాయికొచ్చినాడు. లక్షా డెబ్బై వేల మందిని రెండు నెలల్లో అట్ల తెచ్చినారు. బొంబాయి నుంచి రైల్లో వచ్చి మన స్టేషన్లో ఒక్క సంచితో దిగినప్పుడు ఊరంతా పోయినాం. విమానం గురించి ఆయన చెప్పింది ఒక్కటే, అన్నం పెట్టినారని. నాలుగేండ్లకు నిన్ను మద్రాసులో ఎక్కించేదానికి నేనూ వచ్చినా. రేణిగుంట దాకా నువ్వు కిటికీలోంచి చూస్తా ఒక్క మాట మాట్లాడలేదు. మీనంబాకంలో అద్దాల తలుపు దాటినాక వెనక్కి తిరిగి చెయ్యి ఊపినావు. నేను ఇంటికొచ్చి నాలుగు రోజులు హీరో మాదిరి తిరిగినా, నా దోస్తు విమానమెక్కినాడని. అప్పటి నుంచి ఎన్నిసార్లు వచ్చిపోయినావు! ప్రతిసారీ నా భయం గురించి ఎగతాళి చేస్తే నేనూ నవ్వినా. నీకు భయమేసిందా అని ఒక్కసారి కూడా నేను అడగలేదు.

ఇప్పుడు అడుగుతాండా. వాయిస్‌లో వద్దు, రాసి పంపు.

పాపకు ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా బాగుండారు. బిడ్డ బరువు తక్కువని పన్నెండు రోజులు పెట్టెలో పెట్టినారు, ఇప్పుడు బాగా తాగుతాంది. ఉరుసుకు వస్తానన్నావు గదా, ఈసారి మద్రాసులో దిగి రైలు పట్టుకోవద్దు. హైదరాబాదులో దిగి కడప విమానం ఎక్కు. కిటికీ సీటు అడుగు, నల్లమల కనపడుతుంది. కడపకు నేనే వస్తా తీసుకపోయేదానికి.

నీ బావ